తుమ్ముతున్న పిల్లికూనకు చేయవలసిన సాయం: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ సంక్షేమ సంఘాలకు బహిరంగ లేఖ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల కాలనీ, అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు,



పిల్లికూనకు జలుబు చేసిందని చెప్పే గుర్తులు నాలుగు: ఆగని తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ నిండా పుసులు, తిండి మానేయడం. మొదటి మూడూ ఎవరి కంటికైనా ఆనుతాయి. నాలుగోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కూన ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా అదే. నెల దాటిన కూన కడుపు నిండి, ఒళ్ళు వెచ్చగా ఉంటే, చాలావరకు వారం పది రోజుల్లో జలుబు నుంచి తేరుకుంటుంది. ఒళ్ళు చల్లబడితే, ఒంట్లో నీరు తగ్గితే, ఆకలితో పడి ఉంటే, తెలియక ఎవరైనా మనుషుల మందు పోస్తే అదే జలుబు రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది. ఈ నాలుగు ఆపదలనూ తప్పించడం కూన కనిపించిన భవనంలో ఉండేవాళ్ళ చేతిలో ఉన్న పని.

ఈ ప్రాంతపు అపార్ట్‌మెంట్లలో అలాంటి కూనను ముందుగా చూసేది వాచ్‌మన్ కుటుంబం, బడి నుంచి వచ్చిన పిల్లలు, హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కు వెళ్ళే విద్యార్థులు. దాన్ని సెల్లార్‌లో ఉండనివ్వాలా, దూరంగా వదిలేయాలా అన్న మాట మాత్రం సంఘం దగ్గరే తేలుతుంది. అందుకే ఈ లేఖ సంఘాలకు. జబ్బు స్వరూపం, ఇంటి దగ్గర చేయవలసిన సేవ, చేయకూడని పనులు, దవాఖానకు వెళ్ళవలసిన సమయం, చివరగా సంఘం వంతు బాధ్యత ఇందులో వరుసగా ఉన్నాయి.

కూనలు కనిపించే చోటు, కాలం

మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా రోడ్డుకు రెండు పక్కలా ఇళ్ళూ హాస్టళ్ళూ కిక్కిరిసి ఉంటాయి. మెస్సులు, టిఫిన్ సెంటర్లు, చికెన్ షాపులు ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకల వెంట పిల్లులుంటాయి. ఈనడానికి ఆడపిల్లి వెతుక్కునేది మనుషుల అలికిడి తక్కువగా ఉన్న పొడి మూల: జనరేటర్ వెనక, మెట్ల కింద, పాత సామాను పడేసిన గది, నెలల తరబడి కదలని కారు కింద.

పిల్లి చూలు సుమారు తొమ్మిది వారాలు. ఈతకు మూడు నుంచి ఐదు కూనలు మామూలు. పగటి వెలుగు ఎక్కువసేపు ఉండే కాలంలో ఆడపిల్లి ఎదకు వస్తుంది. హైదరాబాద్ 17వ అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి చలికాలంలోనూ ఇక్కడ పగలు మరీ కుదించుకుపోదు. అందువల్ల ఏడాదిలో చాలా నెలలు ఎక్కడో ఒకచోట కూనలు పుడుతూనే ఉంటాయి.

కూనలకు గడ్డుకాలం వానలు, ఆ తరవాత చలి. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతకు సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అంతటి వాన కాకపోయినా సెల్లార్‌లో నీళ్ళు చేరితే చాలు, తల్లి ఒక్కొక్క కూననే నోట కరచుకుని మరో చోటికి మారుస్తుంది. తడిసి, వణికి, వెనకబడిన కూనకే జలుబు ముదురుతుంది.

ఒంటరిగా కనిపించిన ప్రతి కూనా తల్లి వదిలేసినది కాదు. తల్లి తిండి కోసం వెళ్ళి ఉండవచ్చు. కూన వెచ్చగా, పొడిగా, బొద్దుగా ఉంటే రెండు మూడు గంటలు దూరం నుంచి గమనించడం మేలు. కళ్ళు అంటుకుపోయి, ఒళ్ళు చల్లగా ఉండి, ఈగలు ముసురుతుంటే మాత్రం వెంటనే చేతిలోకి తీసుకోవాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఆ కూనను దగ్గరకు రానివ్వదన్న నమ్మకంలో నిజం లేదు. సేవ చేశాక తల్లి కనిపిస్తే కూనను మళ్ళీ తల్లి దగ్గర పెట్టవచ్చు. తల్లిపాలను మించిన మందు లేదు.

జలుబు వెనక ఉన్న సూక్ష్మజీవులు

మనుషులకు మామూలు జలుబు తెచ్చే వైరస్‌లు వేరు, పిల్లులకు తెచ్చేవి వేరు. పిల్లుల జలుబులో అత్యధిక భాగానికి కారణం రెండు వైరస్‌లు: ఫెలైన్ కాలిసీ వైరస్, ఫెలైన్ హెర్పిస్ వైరస్. మొదటిదాన్ని 1957లో న్యూజిలాండ్‌లోను, రెండోదాన్ని ఆ మరుసటి ఏడు అమెరికాలోను వేరుచేసి గుర్తించారు. వీటికి తోడు క్లామిడియా, బోర్డెటెల్లా, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాలు కూడా జలుబు తెస్తాయి, లేదా వైరస్ వచ్చాక పైన చేరి దాన్ని ముదరబెడతాయి.

లక్షణాల్లో కొద్ది తేడా ఉంటుంది. హెర్పిస్‌లో తుమ్ములు, కళ్ళ ఎరుపు ఎక్కువ. కంటి నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. కాలిసీలో నాలుక మీద, అంగిట్లో పుండ్లు పడి చొంగ కారుతుంది. కొన్ని కూనలు జ్వరంతో కుంటుతాయి. క్లామిడియా ముందు ఒక కంటికి వచ్చి, కొన్ని రోజులకు రెండో కంటికి పాకుతుంది. బోర్డెటెల్లా చిన్న కూనల్లో దగ్గుతో మొదలై న్యుమోనియాగా మారగలదు. ఈ తేడాలు వైద్యుడికి దారి చూపుతాయి. కంటితో చూసి ఫలానా సూక్ష్మజీవి అని తేల్చడం ఇంటి దగ్గర సాధ్యం కాదు, అవసరమూ లేదు.

జబ్బు చీమిడి, కన్నీరు, ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. తుమ్ము తుంపర మీటరు దూరం పైగా పడుతుంది. అంతకంటే ఎక్కువగా మోసుకెళ్ళేవి మనుషుల చేతులు, ఉమ్మడి గిన్నెలు, గుడ్డలు. హెర్పిస్ వైరస్ బయట ఒక రోజుకు మించి బతకదు. కాలిసీ వైరస్ నేల మీద, గిన్నెల మీద వారం దాటి కూడా బతకగలదు. అంటుకున్న రెండు నుంచి ఆరు రోజుల్లో సాధారణంగా లక్షణాలు బయటపడతాయి.

నాలుగు నుంచి ఎనిమిది వారాల వయసులోని కూనలే ఎక్కువగా దీని బారిన పడటానికి కారణం ఉంది. తల్లి జున్నుపాల ద్వారా అందిన రక్షణ ఆ వయసుకు తరిగిపోతుంది. టీకా అప్పటికింకా పడి ఉండదు. ఆ ఖాళీలో వైరస్ చొరబడుతుంది.

తిండి మానేయడానికీ కారణం స్పష్టమే. పిల్లి వాసన చూసి తింటుంది. ముక్కు మూసుకుపోయిన కూనకు ఎదురుగా ఉన్నది తిండి అని తెలియదు. నోట్లో పుండ్లుంటే తెలిసినా తినలేదు. పాలు తాగే కూన ముక్కుతో గాలి పీలుస్తూనే చప్పరించాలి. ముక్కు దిబ్బడ వేస్తే రెండూ కుదరక చన్ను వదిలేస్తుంది.

వయసు, బరువు

సేవ ఏ తీరున ఉండాలో వయసే చెబుతుంది. కళ్ళు తెరవని కూన వయసు పది రోజుల లోపు అనుకోవచ్చు; కళ్ళు తెరుచుకునేది 7 నుంచి 14 రోజుల మధ్య. ముందు పళ్ళు మొలుస్తుంటే రెండు మూడు వారాలు. తడబడకుండా నడుస్తుంటే నాలుగు వారాలు. పరుగులు తీస్తూ, పాలపళ్ళన్నీ వచ్చి ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు.

పుట్టినప్పుడు కూన బరువు సుమారు 100 గ్రాములు. ఆరోగ్యంగా ఉంటే రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. నెల నిండేసరికి 400 గ్రాముల దగ్గరికి వస్తుంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి రోజూ ఒకే వేళకు తూచి రాసుకోవడం ఈ మొత్తం సేవలో అతి చవకైన, అతి విలువైన పని. బరువు రెండు రోజులు పెరగలేదంటే తిండి చాలడం లేదు. బరువు తగ్గుతుంటే అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ముందు వెచ్చదనం, తరవాతే పాలు

నాలుగు వారాల లోపు కూన తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. పెద్ద పిల్లికి ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మొదటి వారం కూనకు అది 35 నుంచి 37 డిగ్రీలే ఉంటుంది, నెల నిండేసరికి పెద్ద పిల్లి స్థాయికి చేరుతుంది. చల్లబడిన కూన పేగులు కదలవు. ఆ స్థితిలో పాలు పోస్తే అరగక పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందువల్ల పాదాలు, చెవులు, నోటి లోపల చల్లగా తగిలితే ముందు వెచ్చబరచాలి, తరవాతే తాగించాలి.

అట్టపెట్టె అడుగున పాత తువ్వాళ్ళు పరిచి, ఒక పక్కన మాత్రమే వేడినీళ్ళ సంచిని గుడ్డలో చుట్టి పెట్టాలి. రెండో పక్క మామూలుగా ఉండాలి. వేడి ఎక్కువైతే కూన అటు జరుగుతుంది. వేడినీళ్ళ సంచి లేకపోతే మూత బిగించిన ప్లాస్టిక్ సీసా చాలు. రెండు మూడు గంటలకొకసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే చల్లారిన సీసా కూన ఒంటి వేడినే లాగేస్తుంది. మొదటి వారం కూన చుట్టూ గాలి 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. నెల నిండాక 24 డిగ్రీలు సరిపోతుంది. కూనను నేరుగా వేడినీళ్ళలో ముంచడం, హెయిర్ డ్రయర్ దగ్గరగా పట్టడం, ఎండలో వదిలేయడం ప్రమాదం. జలుబు ఉన్నంతకాలం స్నానం వద్దు. మురికి ఉంటే తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి.

కళ్ళు, ముక్కు శుభ్రం చేయడం

మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్, లేదా కాచి చల్లార్చిన నీళ్ళు చాలు. గాజు గుడ్డ ముక్కను గోరువెచ్చటి సెలైన్‌లో తడిపి, అంటుకున్న రెప్పల మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచాలి. పుసులు నాని మెత్తబడ్డాక ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మెల్లగా తుడవాలి. ఒక్కో కంటికి ఒక్కో ముక్క. వాడినది మళ్ళీ వాడకూడదు. ఎండిన పుసిని గోటితో పెరికితే రెప్ప చిట్లుతుంది. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి.

కళ్ళు ఇంకా తెరవని కూన రెప్పల వెనక ఉబ్బు కనిపిస్తే లోపల చీము చేరిందని అర్థం. అది ఇంటి దగ్గర ఆగే విషయం కాదు. ఆ చీమును వైద్యుడు వెంటనే తీయకపోతే గుడ్డు దెబ్బతిని చూపు పోతుంది.

ముక్కు రంధ్రాల దగ్గర గట్టిపడిన చీమిడిని కూడా అలాగే నానబెట్టి తీయాలి. ముక్కు దిబ్బడకు ఆవిరి మేలు చేస్తుంది. స్నానాల గదిలో వేడినీళ్ళు పట్టి, తలుపు మూసి, కూనను ఒళ్ళో పెట్టుకుని పది పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలు. గిన్నెడు మరిగే నీళ్ళ ముందు కూనను పట్టుకోకూడదు. ఎగిరి పడితే ఒళ్ళు కాలుతుంది. ఆ నీళ్ళలో ఏ తైలమూ కలపకూడదు. ఆవిరి పట్టాక ముక్కు తుడిచి, వెంటనే తిండి పెట్టాలి. వాసన తెలిసేది ఆ కాసేపే.

తిండి, నీరు

నాలుగు వారాల లోపు కూనకు పిల్లికూనల కోసం తయారుచేసిన పాలపొడి ఒక్కటే సరైన ఆహారం. పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణాల్లో అది దొరుకుతుంది. ప్యాకెట్ పాలు, ఆవుపాలు, గేదెపాలు పోయకూడదు. వాటిలోని లాక్టోజ్ కూనకు అరగక విరేచనాలవుతాయి. జలుబుతో ఇప్పటికే నీరు తగ్గిన కూనను ఆ విరేచనాలే చంపగలవు. పాలపొడి దొరికేలోపు కొన్ని గంటలు గడపవలసి వస్తే వైద్యుడిని అడిగి గోరువెచ్చటి ఓఆర్ఎస్ నీళ్ళు చుక్కలు చుక్కలుగా పట్టవచ్చు. ఓఆర్ఎస్ ఆహారం కాదు, పూట గడిపే సాయం మాత్రమే.

మొదటి వారం ప్రతి రెండు గంటలకూ, రెండో వారం రెండు మూడు గంటలకూ, మూడు నాలుగు వారాల వయసులో నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి పాలు పట్టాలి. కూన కడుపు చాలా చిన్నది; ఒక విడతకు ప్రతి 100 గ్రాముల బరువుకు సుమారు 4 మిల్లీలీటర్లు దాటకూడదు. పాలు ఒంటి వేడితో సమానంగా ఉండాలి. కూనను బోర్లా ఉంచి, తల కొద్దిగా ఎత్తి, సూది లేని సిరంజితో గానీ పాలసీసాతో గానీ అది చప్పరించినంత మేరకే ఇవ్వాలి. చంటిపిల్లకు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవాలి. మూడు వారాల లోపు కూన తనంత తాను మలమూత్రాలు విసర్జించలేదు. తాగిన ప్రతిసారీ పొత్తికడుపు కింద తడి దూదితో మెల్లగా రుద్దాలి. తల్లి నాకి చేసే పని అదే.

నెల దాటిన కూనకు ముద్దగా ఉండే కిట్టెన్ ఫుడ్, లేదా ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి మెత్తగా చేసిన కోడిమాంసం కొద్దికొద్దిగా పెట్టాలి. తిండిని గోరువెచ్చగా చేస్తే వాసన పెరిగి దిబ్బడలోనూ తెలుస్తుంది. కొద్దిగా పెదవికి రాస్తే నాకి రుచి పట్టుకుంటుంది. నోరు తెరిచి ఆయాసపడుతున్న కూనకు బలవంతంగా ఏదీ పోయకూడదు.

నీరు తగ్గిందీ లేనిదీ చూడటానికి మెడ వెనక చర్మాన్ని మెల్లగా లాగి వదలాలి. వెంటనే వెనక్కి పోకుండా మడతగా నిలిచినా, చిగుళ్ళు జిగటగా ఎండినట్టున్నా నీరు తగ్గినట్టే. అప్పుడు చర్మం కింద సెలైన్ ఎక్కించడానికి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి.

చేయకూడనివి

జలుబు చేసిన కూనలకు ఇళ్ళలో జరిగే కీడంతటిలో పెద్దది పారాసిటమాల్. మనిషి కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో దాదాపు లేదు. మిగిలిపోయిన విషం రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మారుస్తుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరాడదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి ఎదిగిన పిల్లిని చంపగలదు. చిన్నపిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉంటే, అందులో ఒక్క మిల్లీలీటరు కూడా అరకిలో కూనకు విషపు మోతాదే. పొరపాటున పోసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, ఏం పోశారో ఎంత పోశారో చెప్పి, గంటల్లోనే వైద్యుడికి చూపించాలి. విరుగుడు ఉంది, అది పనిచేసేది తొందరగా ఇస్తేనే.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు, మనుషుల జలుబు సిరప్‌లు, ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కలు కూడా కూనకు అపాయకరం. స్టెరాయిడ్ కలిసిన కంటి చుక్కలు నల్లగుడ్డు మీద హెర్పిస్ పుండును పెంచుతాయి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు, మోతాదు తప్పితే కూనను దెబ్బతీస్తుంది. కర్పూరం, విక్స్, జండూబామ్, నీలగిరి తైలం కూన ఒంటికి రాయకూడదు. అది ఒళ్ళు నాకి వాటిని మింగేస్తుంది. మిరియాల కషాయం గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుక్కల గోమార్ల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు పిల్లులకు ప్రాణాంతకం.

కూన ఉన్న గదిలో దోమల కాయిల్, అగరబత్తి, సాంబ్రాణి పొగ ఉండకూడదు. సెల్లార్ కడగడానికి వాడే ఫినాయిలు, డెట్టాల్ వంటి ఫినాల్ జాతి ద్రవాలను పిల్లి శరీరం విరిచేయలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకినా విషమే. పిల్లులు తిరిగే చోట వాటిని మానాలి.

దవాఖానకు తీసుకెళ్ళవలసిన వేళ

నాలుగు వారాల లోపు కూనకు జలుబు లక్షణం ఏది కనిపించినా అదే రోజు వైద్యుడికి చూపించాలి. అంతకంటే పెద్ద కూన విషయంలో ఈ కింది గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆగకూడదు: నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఊపిరికి డొక్కలు ఎగరేయడం, నిద్రలో నిమిషానికి 40 దాటిన శ్వాస, తెల్లబడిన లేదా నీలపు చిగుళ్ళు, పన్నెండు గంటలుగా ఏమీ తినకపోవడం, పసుపు, ఆకుపచ్చ రంగు చిక్కటి చీమిడి, కన్ను తెరవలేకపోవడం, గుడ్డు మసకబారడం, పిలిచినా లేవని మగత. వాంతులు, నెత్తురు విరేచనాలు ఉంటే అది జలుబు కాకపోవచ్చు. పాన్‌ల్యూకోపీనియా అనే మరో వైరస్ జబ్బు అలాగే మొదలై గంటల్లో ముదురుతుంది.

వైద్యుడు ఒంటి వేడి, బరువు చూసి, ఊపిరితిత్తులు విని, రంగు చుక్క వేసి కంటి పుండు ఉందో లేదో చూస్తారు. బ్యాక్టీరియా చేరితే యాంటీబయాటిక్ ఇస్తారు. తరచుగా వాడేది డాక్సీసైక్లిన్. ఆ మాత్ర పొడిగా వేస్తే గొంతు గొట్టంలో ఇరుక్కుని పుండు పెడుతుంది. వేశాక తప్పకుండా కొద్దిగా నీళ్ళో తిండో ఇవ్వాలి. హెర్పిస్ ముదిరితే ఫామ్‌సిక్లోవిర్ అనే వైరస్ మందు కూడా ఉంది. మందు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ వేయాలి. తుమ్ములు తగ్గాయని మధ్యలో ఆపకూడదు.

దగ్గరలోని ప్రైవేటు పశువైద్యులు కాక, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా ఆటోలో వెళ్ళవచ్చు. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలకు అనుబంధంగా వైద్యశాల ఉంది. ఎల్బీనగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ దాటి చేరుకోవచ్చు. 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో పనిచేస్తోంది. ఎక్కడికి తీసుకెళ్ళినా ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోవాలి. కూనను చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, వెచ్చటి సీసాతో సహా తీసుకెళ్ళాలి. ప్లాస్టిక్ సంచిలో, బండి డిక్కీలో కాదు.

మిగతా పిల్లులు, మనుషులు

జలుబు చేసిన కూనను ఇతర పిల్లులకు దూరంగా కనీసం రెండు వారాలు వేరుగా ఉంచాలి. దాని గిన్నె, గుడ్డలు, ఇసుక పెట్టె వేరు. దాన్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. భవనంలో నాలుగైదు పిల్లులుంటే ఆరోగ్యంగా ఉన్నవాటికి ముందు తిండి పెట్టి, జబ్బుదాన్ని చివర చూసుకోవాలి. నేలనూ గిన్నెలనూ ముందు సబ్బుతో కడిగి, లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల ఇంటి బ్లీచ్ కలిపిన ద్రవంతో పది నిమిషాలు తడిపి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. కాలిసీ వైరస్ కూడా దానికి చస్తుంది. ఆరేదాకా పిల్లిని అటు రానివ్వకూడదు.

పిల్లి జలుబు తెచ్చే హెర్పిస్, కాలిసీ వైరస్‌లు మనుషులకు అంటవు. పిల్లల జలుబుకు కూనే కారణమన్న భయంతో దాన్ని వెళ్ళగొట్టడం అన్యాయం. జాగ్రత్త అవసరమైనది మరో విషయంలో. వీధి జంతువు కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా గురించి డాక్టరును అడగాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా ఇస్తారు.

కోలుకున్నాక

హెర్పిస్ వైరస్ ఒకసారి సోకితే నరాల్లో జీవితాంతం దాగి ఉంటుంది. చోటు మారినా, చూలైనా, భయపడినా మళ్ళీ బయటపడి కొన్ని రోజుల తుమ్ములు తెస్తుంది. కాలిసీ సోకిన కూన నయమయ్యాక కూడా వారాల తరబడి వైరస్‌ను వదులుతూ ఉండవచ్చు. అందుకే టీకా ముఖ్యం. హెర్పిస్, కాలిసీ, పాన్‌ల్యూకోపీనియా మూడింటికీ కలిపి ఒకే టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేదాకా మోతాదులు ఇవ్వాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. జలుబును ఆ మూడింటి టీకా పూర్తిగా ఆపకపోవచ్చు; చాలావరకు చావుదాకా పోనివ్వదు. జబ్బు పూర్తిగా తగ్గి, బరువు పెరుగుతున్నప్పుడే టీకా వేయించాలి. ఐదు నెలల వయసుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే భవనంలో వచ్చే ఏడాది పుట్టి, జలుబుతో చచ్చే కూనల సంఖ్య తగ్గుతుంది.

సంఘాల వంతు

పైన చెప్పినదానిలో ఎక్కువ భాగం డబ్బుతో పని లేనిది. సంఘాలు చేయగలిగిన పనులు ఇవి.

సెల్లార్‌లో నీళ్ళు చేరని, కార్లు తిరగని ఒక మూలను తల్లి పిల్లి ఈనడానికి వదలాలి. ఆ మూలలో ఫినాయిలు వాడవద్దని శుభ్రం చేసేవాళ్ళకు చెప్పాలి. వాచ్‌మన్ గది దగ్గర ఒక డబ్బాలో నార్మల్ సెలైన్, గాజు గుడ్డ, సూది లేని సిరంజిలు, వేడినీళ్ళ సంచి, చిన్న త్రాసు, పిల్లి పాలపొడి ఉంచాలి. నోటీసు బోర్డు మీద దగ్గరి పశువైద్యుడి ఫోన్ నంబరు, దాని కింద రెండు మాటలు పెద్ద అక్షరాల్లో రాయించాలి: పిల్లికి పారాసిటమాల్ వేయవద్దు, ఆవుపాలు పోయవద్దు. కాలనీలోని మెడికల్ షాపు యజమానులతో ఒకసారి మాట్లాడి, పిల్లి కోసం జలుబు మందు అడిగేవాళ్ళను పశువైద్యుడి దగ్గరకు పంపమని కోరాలి. నెలవారీ నిర్వహణ ఖర్చులో కొద్ది మొత్తం టీకాలకు, ఆపరేషన్లకు కేటాయించాలి. హాస్టల్ యజమానులను కూడా ఇందులో కలుపుకోవాలి; వంటగది మిగులు కోసం పిల్లులు చేరేది అక్కడే, రాత్రివేళ కూనకు పాలు పట్టే ఓపిక ఉన్న కుర్రవాళ్ళూ అమ్మాయిలూ ఉన్నదీ అక్కడే.

తుమ్ముతున్న కూనలను గోనెసంచిలో వేసి చెరువు గట్టునో మార్కెట్ దగ్గరో వదిలిరమ్మని వాచ్‌మన్‌ను పంపే పద్ధతి ఆగాలి. సంరక్షణలో ఉన్న జంతువును ఆకలిదప్పులతో బాధపడేలా తగిన కారణం లేకుండా వదిలేయడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ నేరంగా చెబుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, అలా వదిలిన కూన ఆ రాత్రి దాటదు. వైరస్ మాత్రం కొత్త చోట మరో నాలుగు పిల్లులకు అంటుకుంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న ప్రతి సంఘానికీ విన్నపం ఇది: వచ్చే వానాకాలం మొదలుకాకముందే ఒక సమావేశంలో ఈ విషయానికి పది నిమిషాలు కేటాయించండి, డబ్బా సిద్ధం చేయండి, బోర్డు రాయించండి, కూనను చూసుకునే బాధ్యత ఒక్కరికైనా పేరు పెట్టి అప్పగించండి.